లిస్టుల మిగిలిన పేరు

జర ఏడుపు బంద్ చెయ్యి అండాలూ, రోడ్డు మీదికి ఇనపడ్తుంది. ‘సాయినాథన్న ఠాణాకొచ్చి ఒక్క మాట చెప్తె మా ఆయన్ని ఇడిసిపెడ్తరు’ అంటవ్. ఏం చెప్పాలె నేను?

నీ మొగడు బాల్‌రాజ్ మంచోడే. కాదన్ననా? దిల్‌సుఖ్‌నగర్ మొత్తంల గంత జోరుగ తెలుగు టైపు కొట్టెటోడు ఇంకోడు లేడు. గా ఉద్యమం పిచ్చే ముంచింది వాన్ని. బంద్ అన్నా, వంటావార్పు అన్నా, పోరగాళ్లు కాగితం పట్టుకొని ఒస్తె చాలు, నా దుకాణంల నా కంప్యూటర్ మీద కరపత్రం కొట్టిచ్చెటోడు. వద్దన్ననా? జై తెలంగాణ అంటె ఎవడొద్దంటడు చెప్పు!

ఒక్కటే చెప్పిన. ‘అరేయ్, ఫైల్ తీసేస్తె సరిపోదు. ఏమేం తెరిచినమో కంప్యూటర్ యాద్‌వెట్టుకుంటది. స్టార్ట్ నొక్కి రీసెంట్ డాక్యుమెంట్స్ చూస్తె పేర్లన్ని కనపడ్తయ్. క్లియర్ లిస్ట్ కొట్టి లెవ్వు’ అని. కొట్టెటోడు. దినాం కొట్టెటోడు, అబద్ధమెందుకు!

నిన్న పోలీసోళ్లొచ్చిన్రు. గా ముట్టడి కరపత్రం యాడ తయారైందో ఎతుక్కుంట ఒచ్చిన్రు. ఫైళ్లన్ని తిరగేసిన్రు, ఏం దొరకలే. పోయెటోళ్లే! అండ్ల ఒకడు, జర తెలిసినోడు, స్టార్ట్ నొక్కిండు. ‘అసెంబ్లీ ముట్టడి’. అన్నిటికన్న పైన గదే పేరు.

‘గీడ ఎవడు కూసుంటడు?’ అన్నడు. ‘బాల్‌రాజ్’ అని చెప్పిన. కాదా మరి?

ఏంది, గట్ల చూస్తవ్? వాడేమన్న చెప్పిండా నీకు? చెప్పలే?

వానికి ఎరుకే. ముందురోజు వాడు తుడిచే పోయిండు. పొద్దుగాల వాడు రాకముందు పోరగాళ్లు ఇంకిన్ని కాపీలు కావాలంటె, పెన్‌డ్రైవ్ పెట్టి తెరిచి ప్రింటిచ్చింది నేను. పెన్‌డ్రైవ్ పీకిచ్చిన. లిస్ట్ యాదికి రాలే. పేరు అండ్లనే ఉన్నది.

వాడు నా మొకం చూసిండు, ఒక్కపారి. నేను ప్రింటర్ల కాగితాలు సదురుకుంట నిలవడ్డ. వాడు పోయి జీపెక్కిండు.

కానిస్టేబుల్ పరీక్ష పాసైండు, కేసు పడితె నౌకరి పోతదంటవ్. పోతది! పోకుంటె ఎట్ల? నేను పోయి ‘గది తెరిచింది నేనే సార్’ అంటె వాన్ని ఇడిసి నన్ను లోపలేస్తరు. ఎల్బీనగర్ల ఇంకో దుకాణం తెరుస్తున్న. నేను లోపల కూసుంటె ఎవడు చూస్కుంటడు, నువ్వా?

నీకు టైపొస్తదా అండాలూ? రాదా?

అయితె లెవ్వు. గది ఆపరేటర్ కూసునే కుర్చీ.