జలపాతాన్ని పైకెక్కించిన కారు

ఓడ్వార్‌కి వినేవాళ్లు ఇద్దరు దొరికితే చాలు. అందులో ఒకరికి కదలడానికి వీల్లేకపోతే మరీ మంచిది. ఆ మధ్యాహ్నం యోరున్‌కి కదలడానికి వీల్లేదు.

నార్వేలో ఒక సముద్రపు పాయ ఒడ్డున, పడవరేవు పక్కన, రాగ్నా వాఫుల్స్ కొట్టు ఉంది. కొట్టు ముందు కార్లు ఛార్జి చేసుకునే స్తంభం ఒక్కటే. దానికి ఓడ్వార్ కారు కట్టేసి ఉంది, గాటికి ఆవులాగా. వెనకాల యోరున్ కారు ఎదురుచూస్తోంది. మర్నాడు పొద్దున్నే కొండ అవతల ఊళ్లో ఆవిడ మనవరాలి పెళ్లి. నాలుగు తరాలుగా ఆ ఇంటి పెళ్లికూతుళ్లు తలమీద పెట్టుకునే వెండి కిరీటం ఆవిడ కారులోనే, దుప్పటిలో చుట్టి ఉంది. ఏప్రిల్ నెల చివరైనా కొండమీద మంచుగాలి తగ్గలేదు. కార్లని విడివిడిగా వదలడం లేదు. మంచు తోసే బండి ముందు నడుస్తుంటే దాని వెనక వరసకట్టి వెళ్లాలి. ఆఖరి వరస ఆరింటికి. ఆ తర్వాత గేటు వేసేస్తారు. ఆవిడ బ్యాటరీలో మిగిలింది పదకొండు శాతం. కొండెక్కాలంటే నలభై అయినా ఉండాలి.

"కాస్త మీ కారు తీస్తారా?" అంటే సరిపోయేది. కానీ అక్కడివాళ్లకి ముఖపరిచయం లేని మనిషిని ఒక సాయం అడగడమంటే పన్ను పీకించుకున్నంత కష్టం. ఎనభై దాటగానే ఎవరి కారు వాళ్లే తీసి వెనకవాళ్లకి చోటివ్వడం అక్కడి మర్యాద. కిటికీలోంచి చూస్తే స్తంభం తెరమీద డెబ్భై ఎనిమిది. ఇంకో రెండేగా అనుకుంది. పైగా, ఓడ్వార్ పలకరించగానే "నాకేం తొందర లేదులెండి" అనేసింది. ఆవిడ చేసిన తప్పు అదే.

"తొందర లేకపోతే ఇలా కూచోండమ్మా," అన్నాడు ఓడ్వార్ కుర్చీ లాగి. "బ్యాటరీని ఎలా కనిపెట్టుకుని ఉండాలో చెప్తాను. పోయిన వారం ఇదే కొండ. మా అత్తగార్ని ఎక్కించుకుని వస్తున్నా. ఎక్కుడు మొదలయ్యేసరికి తొమ్మిది శాతం. ఇంకోడైతే వెనక్కి తిరుగుతాడు. నేను తిరగను. నా కళ్లు కారులో తెరమీదే. తెల్ల బాణం వస్తే ఖర్చు, పచ్చ బాణం వస్తే రాబడి. ముందు వేడిగాలి ఆపేశాను."

"ఆ చలిలోనా? పెద్దావిణ్ణి పెట్టుకుని?" అంది రాగ్నా, పెనం మీద పిండి పోస్తూ.

"ఆవిడా అదే అంది. గొర్రెతోలు కప్పాను. ఆవిడ ఊపిరికి అద్దం మసకేస్తోంది, మసక పోవాలంటే ఫ్యాను వెయ్యాలి, ఫ్యానుకి మళ్లీ కరెంటు. అందుకని, అత్తా, మలుపుకి ఒక్కసారే ఊపిరి పీల్చు అన్నాను."

"పీల్చిందా?" అన్నాడు మూల బల్ల దగ్గర హల్వర్. చేపలు పట్టడం మానేసినప్పటినుంచీ ఆయన ఉద్యోగం ఆ బల్లే.

"పీల్చిందిరా, ప్రాణమంటే తీపి ఎవరికి లేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఆలోచనలు కూడా కరెంటు తాగుతున్నాయని కనిపెట్టాను. పన్నుల గురించి తలుచుకున్నానా, తెల్ల బాణం చాంతాడంత అవుతుంది. మేకపాల జున్ను తలుచుకున్నానా, అరంగుళానికి దిగుతుంది. ఇక కొండ నెత్తిదాకా జున్ను తప్ప ఇంకో ఆలోచన లేదు. నెత్తికెక్కేసరికి సున్నా. ఆ సున్నా కూడా పూర్తిగా లేదమ్మా, పైసగం చెరిగిపోయి గిన్నెలా ఉంది!"

యోరున్ కప్పు ఎత్తి, తాగకుండానే దించింది. స్తంభం తెరమీద ఎనభై రెండు. ఓడ్వార్ లేచాడు. ఆవిడా సగం లేచింది. ఆయన కాఫీ నింపుకుని మళ్లీ కూచున్నాడు.

"పైన సత్రంలో అత్తగారికి రెండు పళ్లాలు మీగడ జావ పెట్టించాను."

"అంత ప్రేమేంటిరా హఠాత్తుగా?" అన్నాడు హల్వర్.

"ప్రేమ కాదురా, బరువు! దిగుడులో చక్రాల వేగమే కరెంటై బ్యాటరీలోకి వస్తుంది కదా? ఎంత బరువుంటే అంత రాబడి. ఎక్కేటప్పుడు తిట్టుకున్న బరువే దిగేటప్పుడు బంగారం. మొదటి మలుపులో పచ్చ బాణం మొలిచింది. ఇరవై. రెండో మలుపులో యాభై. అత్తా, ముందుకి వంగు అన్నా. వంగింది. నూరు!"

"నూరైతే నిండినట్టే కదా," అంది రాగ్నా.

"మీ కార్లకి నిండుతుంది. నా కారుకి నూటపన్నెండు! అంకెకి చోటు చాలక పక్కనున్న గడియారాన్ని నెట్టేసింది. అందుకే ఆ రోజు ఇంటికి ఆలస్యంగా చేరాను, మా ఆవిడ నమ్మదు గానీ. పొంగిపోతున్న కరెంటుని ఏం చెయ్యను? ఫోనుకి పెట్టా. అత్తగారి చెవి మిషనుకి పెట్టా. ఆవిడకి అవతలి ఒడ్డున ఎవరో తన గురించి అనుకున్న మాట వినిపించి కారులోంచే జవాబు చెప్పింది. నేను వెళుతుంటే దారిపక్క ఇళ్లలో దీపాలు వాటంతటవే వెలుగుతున్నాయి. ఈ రేవు పడవ కూడా బ్యాటరీదే కదా, ఎక్కి బ్రేకు తొక్కగానే అది ఒక్క ఊపులో ఒడ్డుకి చేరింది. కెప్టెనుకి టోపీ పెట్టుకునే టైమివ్వలేదు."

ఎనభై ఎనిమిది. యోరున్ వేలికున్న ఉంగరాన్ని తిప్పుతోంది. గోడ గడియారం చూసింది, కిటికీ చూసింది, తలుపు చూసింది. రాగ్నా ఆవిడకేసి చూసి, "మీరు కొండ దాటాలా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

"దాటాలి. ఆఖరి వరసలో. రేపు పెళ్లి," అంది యోరున్. ఆ మాత్రం చెప్పడానికే ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"పెళ్లా! శుభం!" అన్నాడు ఓడ్వార్. "అసలు సంగతి వినే వెళ్లండి. అంతా పంచినా ఇంకా మిగిలింది. ఇంటికెళ్లి గోడకి తగిలించా. కరెంటు తీగల్లో ఎదురెక్కింది. తిన్నగా జలపాతం కింద కరెంటు తీసే ఇంట్లోకి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చక్రాలు వెనక్కి తిరిగాయి. జలపాతం ఆగింది. కాసేపు తటపటాయించింది. కింది నుంచి పైకి ఎక్కడం మొదలెట్టింది! చేపలు జారిపోకుండా రాళ్లు పట్టుకున్నాయి. కరెంటాఫీసువాళ్లు ఫోను చేసి, బాబ్బాబు, కొండమీద చెరువు పొర్లుతోంది, తీగ పీకెయ్యండి అని ఏడుపు!"

హల్వర్ పగలబడి నవ్వాడు. యోరున్ మాత్రం లేచి నిలబడింది.

"అయితే మీ కారుకి బయటి కరెంటు అక్కర్లేదన్నమాట."

"చుక్క అక్కర్లేదు."

"మరి ఆ స్తంభానికి ఎందుకు తగిలించారు?"

ఓడ్వార్ గెడ్డం నిమురుకున్నాడు. అంతలోనే ముఖం వెలిగింది.

"తీసుకుంటున్నానని ఎవరన్నారమ్మా? ఇస్తున్నాను! ఊరి కోసం."

యోరున్ కిటికీ దగ్గరికి వెళ్లి, స్తంభం తెరకేసి వేలు పెట్టి చూపించింది. "నేను వచ్చినప్పుడు డెబ్భై ఎనిమిది. ఇప్పుడు తొంభై ఒకటి. ఇచ్చేవాడికి తగ్గాలి కదండీ, మీకు పెరుగుతోందేం?"

ఓడ్వార్ హల్వర్ వైపు చూశాడు. హల్వర్ కప్పులోకి చూసుకుంటున్నాడు. టోపీ కూడా పెట్టుకోకుండా ఓడ్వార్ చినుకుల్లోకి వెళ్లి, తన కారు తీసి, యోరున్ కారుకి తీగ తనే తగిలించాడు. తర్వాత ఆ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నలభై రెండు అయ్యేదాకా.

యోరున్‌ది వరసలో చివరి కారు. ఆవిడ వెనకే గేటు పడింది.

మర్నాడు పెళ్లికూతురి తలమీద కిరీటం తళతళలాడింది. విందులో యోరున్ జలపాతం కథ చెబితే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కానీ స్తంభం దగ్గర ఓడ్వార్ అంతసేపు నోరెత్తకుండా నిలబడ్డాడని చెప్పినప్పుడు, అతన్ని ఎరిగినవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"పోనీలే యోరున్," అన్నాడు వాళ్లలో ఒక పెద్దాయన, "కోతలకి కూడా ఒక హద్దుండాలి."