పరుపులోడి పడవ

"నవ్వండి. కడుపు నిండా నవ్వండి. మీ నవ్వులు అయిపోయినాక నేను నోరు తెరుస్తా," అని ఖాదర్ మొహిద్దీన్ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

వాకాడు నుంచి సముద్రానికి పోయే రోడ్డులో సామ్రాజ్యం టీ బంకు అది. సాయంత్రం పూట అక్కడ నలుగురూ చేరతారు. ఖాదర్‌కి ఊళ్ళో పరుపుల అంగడి ఉంది. బూరుగు దూది నింపి పరుపులు కుడతాడు. అలాంటి మనిషి వేసవిలో ఉన్నట్టుండి పోయి ఒక పాత ఫైబరు పడవ కొనుక్కొచ్చి ఒడ్డున పెట్టాడు. అప్పట్నుంచీ ఊరికి అదే పెద్ద తమాషా అయిపోయింది. ఇప్పుడు కూడా రొయ్యల గుంటల నరేంద్రబాబు, "ఏం భాయ్, ఆ పడవలో కూడా దూది నింపి కుట్టేసినావా? కొన్న కాడ్నించి ఇసకలోనే పడుకోనుండాది," అన్నందుకే బంకంతా గొల్లుమంది.

"ఇసకలో పడుకోనుండాదా?" అన్నాడు ఖాదర్. "పోయొచ్చి పడుకోనుండాది నరేంద్రబాబూ. అలిసిపోయి పడుకోనుండాది. గట్టు మీద కుర్చీ ఏసుకుని రొయ్యలకి మేత చల్లే నీకు ఆ అలుపు ఎట్ట తెలస్తాది?"

"ఎప్పుడు పోయినావు భాయ్? మేమెవరమూ చూళ్ళేదే," అన్నాడు పోలేరయ్య. మీసం మొలవకముందే వల పట్టిన మనిషి ఆయన. మాటలు తక్కువ.

"మీరెట్ట చూస్తారు పోలేరయ్యన్నా? వేట నిషేధమని మీరంతా ఇండ్లల్లో కూర్చోని వలలు అల్లుకుంటా ఉంటిరి. నేను పోయింది చేపలకి కాదు గదా, షికారుకి. షికారుకి నిషేధమేంది? అసలు నేను పడవ ఎందుకు కొన్నానో మీకెవరికైనా తెలుసా? మా ఇంటిది మెహబూబున్నీసా ఒకరోజు అన్నం పెడతా పెడతా ఒక మాట అనింది. 'ఊరందరికీ పడుకునేదానికి పరుపులు కుడతావు, నువ్వెప్పుడైనా ఒక పూట ఎల్లకిలా పడుకోని ఆకాశం చూసినావా' అని. ఆ మాట నాకు ముల్లు మాదిరి దిగింది. పడుకుంటే సముద్రం మీదే పడుకోవాల, చూస్తే ఆడ్నించే చూడాల అనుకున్నా. మీరంతా ఏమన్నారు? పరుపులోడికి పడవెందుకు అన్నారు. ఆ మాటతో ఇంకా పట్టుదల పెరిగింది నాకు. ఎందుకో? ఇందుకే!"

"ఎందుకో చెప్పనే లేదు గదా," అంది సామ్రాజ్యం పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"చెప్తా ఉండా గదక్కా. ముందు పడవ కొన్న సంగతి ఇనండి. అమ్మేవాడు నాకు మూడు పడవలు చూపించినాడు. రంగు చూడమంటాడు, పొడుగు చూడమంటాడు. నేను అవేమీ చూళ్ళా. పరుపుని తట్టినట్టు అరిచేత్తో ఒక్కో పడవని తట్టినా. పరుపు లోపల దూది యాడ ఉండ కట్టిందో నాకు చప్పుడులోనే తెలిసిపోతాది గదా, అట్టనే పడవకి యాడ పగులుండాదో తెలిసిపోయింది. 'ఇదిగో, ఈడ ఒకప్పుడు బండకి కొట్టుకోనుండాది, పైన రంగు పూసినావు' అన్నా. వాడికి చెమటలు పట్టినాయి. మంచి పడవ నా చేతిలో పెట్టి దండం పెట్టినాడు."

"ఇంత వరకూ నమ్మొచ్చు," అన్నాడు నరేంద్రబాబు.

"నమ్ముతావులే, ఆత్రపడబాక. తెచ్చినా, నీళ్ళలోకి తోసినా, ఇంజను తాడు ఒక్క లాగు లాగినా. ఒకే ఒక్క లాగు! బుర్రుమనింది. మీ ఇంజన్లు పొద్దున పూట ఎట్ట దగ్గుతాయో నాకు తెలుసు. నాది దగ్గలా. ఒడ్డున అలలు ఉంటాయి గదా, ముందొకటి, ఎనకొకటి, దాని ఎనక పెద్దది. పోలేరయ్యన్న మాదిరోళ్ళు అల తగ్గేదాకా కాచుకోని ఎక్కిస్తారు పడవని. నేను కాచుకోలా. నేను వస్తా ఉంటే అలలే కాచుకున్నాయి. పెద్ద అల ఒకటి లేవబోయి, నన్ను చూసి, మళ్ళా కూర్చునింది."

"కూర్చునిందా?" అన్నాడు పోలేరయ్య.

"అల్లా మీద... ఒట్టెందుకులే, నా మాట చాలదా? కూర్చునింది. దాటేసి లోపలికి పోయినా. నీళ్ళు అద్దం మాదిరి ఉండాయి. ఇంజను ఆపేసి, మా అంగట్లో నుంచి తీసుకపోయిన పరుపు పరుచుకోని ఎల్లకిలా పడుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద నుంచి దభీమని ఒక పోటు! నా రెండు కాళ్ళ మధ్యలో నుంచి, పడవ అడుగునీ పరుపునీ చీల్చుకోని పైకొచ్చిందబ్బా, బారెడు కొమ్ము! కొమ్ముకోనాం చేప!"

"ఆ చేప ఒడ్డు కాడ యాడుంటాది భాయ్, లోపలెక్కడో ఉంటాది," అన్నాడు పోలేరయ్య.

"నేనూ లోపలే ఉండా గదన్నా! ఇప్పుడు దాన్ని ఎనక్కి తోసినానంటే చిల్లులో నుంచి నీళ్ళొచ్చి మునిగిపోతా. వేరే వాడైతే కలమా చదువుకోని కళ్ళు మూసుకునేవాడు. నేనేం చేసినా? పరుపు చింపినా, దూది తీసినా, కొమ్ము చుట్టూ గట్టిగా కూరినా, జేబులో దబ్బనం ఉండాది, దారం ఉండాది, చేపనీ పడవనీ కలిపి కుట్టేసినా. చుక్క నీరు కారితే అడగండి! కాకపోతే కింద చేపకి కోపమొచ్చింది. రాదా మరి? అది పరుగు ఎత్తుకుంది. నేను ఇంజను ఏసి ఇటు లాగతా, అది అటు లాగతాది. అట్ట లాక్కుంటా పీక్కుంటా పోతా ఉంటే ఎదురుగా కొబ్బరి చెట్లు కనిపించినాయి. నాయుడుపేట దాకా వచ్చినామా ఏంది అనుకున్నా."

"నాయుడుపేటలో సముద్రం యాడిది?" అన్నాడు నరేంద్రబాబు.

"అదే గదా నాకూ అనుమానమొచ్చింది! అడిగితే లంక అన్నారు. శ్రీలంక! ఒడ్డున పోలీసాయన పాసుపోర్టు చూపించమన్నాడు. 'నేను దిగితే గదా చూపించేది, పడవలోనే ఉండా' అన్నా. ఆ లా పాయింటుకి ఆయన నోరు పడిపోయింది. టీ తెప్పించినాడు. సామ్రాజ్యమక్కా, నువ్వేమీ అనుకోవద్దు, నీ టీ కంటే ఒక చిటికెడు బాగుండాది."

"అయితే ఆ గ్లాసు ఇటియ్యి. రేపట్నించి లంకకే పో టీకి," అని సామ్రాజ్యం చెయ్యి చాపింది.

"చిటికెడే అంటిని గదక్కా!" అని ఖాదర్ గ్లాసు గుండెకి హత్తుకున్నాడు. "సరే, ఆడ కుట్లు ఇప్పి చేపని వదిలేసినా. నా వైపు ఎనక్కి తిరిగి తిరిగి చూసుకుంటా పోయింది. చిల్లు దూదితో మూసి మళ్ళా కుట్టుకోని తిరుగు ప్రయాణమైనా. దారిలో ఒక ఓడ, మన వాకాడు బజారు వీధంత ఓడ, ఇంజను ఆగిపోయి నిలబడుండాది. పైనుంచి కెప్టెను అరస్తా ఉండాడు. భాష తెలీదు, బాధ తెలిసింది. పరుపు దారం నాలుగు పేటలు పేని దాని ముక్కుకి కట్టి లాక్కోనొచ్చినా. సగం దూరం పోయినాక ఆ కెప్టెను 'కొంచెం మెల్లగా, లోపల జనం పడిపోతా ఉండారు' అని చేతులు జోడించినాడు."

ఇప్పుడెవరూ నవ్వు ఆపుకోవడం లేదు. నరేంద్రబాబు బెంచీ మీద నుంచి జారి కింద కూర్చున్నాడు. నవ్వేకొద్దీ ఖాదర్ గొంతు పెరిగింది.

"ఇంకా ఇనండి! శ్రీహరికోట ఎదురుగా వచ్చేసరికి ఆడ రాకెట్టు నిలబెట్టుండారు. మైకులో అంకెలు లెక్కబెడతా ఉండారు. పది అన్నారు, తొమ్మిది అన్నారు, నన్ను చూసినారు. టక్కున ఆపేసినారు! 'ఖాదర్ భాయ్ దాటిపోయేదాకా ఎవరూ మీట నొక్కబాకండి' అని మైకులో చెప్పినారు. నేనూ మర్యాద తెలిసినోణ్ణే గదా, చెయ్యి ఊపి, 'నా కోసం ఆపబాకండి, మీ పని కానీయండి' అన్నా. అప్పుడు వదిలినారు. ఆ మంట వేడికి తడిసిపోయిన నా లుంగీ ఆరిపోయింది. పరుపు మీద ఎల్లకిలా పడుకోని, నా ముక్కుకి సూటిగా రాకెట్టు పైకి పోతా ఉంటే చూసినా. పరుపులోడు చూసినాడు! మీలో ఎవరు చూసినారు అట్ట? చెప్పండి, ఎవరు చూసినారు?"

అప్పుడే రోడ్డు మీద ఒక బైకు వచ్చి ఆగింది. దాని మీద నుంచి ఫ్రెడ్డీ దిగాడు. గూడూరులో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. వెనక సీటుకి కట్టిన గోనె సంచి విప్పి, అందులో నుంచి, నీళ్ళలో తిరిగి పడవని తోసే మూడు రెక్కల ఇత్తడి ఫ్యాను ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఖాదర్ భాయ్, ఏమీ అనుకోవద్దు," అన్నాడు. "మా అమ్మాయి అబిగయీలు పెళ్ళి పనుల్లో పడిపోయి లేటయింది. మీరు పడవ కొన్న రోజే ఇచ్చిపోయినారు, రెక్క వంగిపోయిందని. ఇప్పుడు సరిచేసినా. ఇది లేకపోతే ఇంజను ఎంత అరిచినా పడవ కదలదు గదా, పాపం ఇన్నాళ్ళూ ఇసకలోనే పెట్టుకోని ఎదురు చూస్తా ఉంటారని నేనే తెచ్చేసినా."

పొయ్యి మీద పాలు పొంగి కారినా సామ్రాజ్యం చూసుకోలేదు. అందరూ ఫ్యానునే చూస్తున్నారు. ఖాదర్ కూడా దాన్నే చూశాడు. తర్వాత మెల్లగా కాలు మీద కాలు తీసి లేచి నిలబడ్డాడు.

"చూసినారా?" అన్నాడు. "ఫ్యాను లేకుండానే లంక దాకా పోయొచ్చినోణ్ణి. ఇంక ఫ్యాను కూడా ఉంటే నన్నెవడు ఆపుతాడు?"

బంకు పైకప్పు ఎగిరిపోయినట్టు నవ్వారు. నరేంద్రబాబు కళ్ళు తుడుచుకుంటూ, "అయితే రేపు పొద్దున బిగించుకోని పో భాయ్, అందరం వచ్చి చూస్తాం," అన్నాడు.

"రేపెందుకు? పొద్దు గుంకేదానికి ఇంకా చానా టైముండాది. ఫ్రెడ్డీ, పదబ్బా, బిగిద్దువు. ఎవరొస్తారు నాతో?"

ఎవరూ కదల్లేదు. ఫ్యాను చంకలో పెట్టుకుని ఖాదర్ రోడ్డెక్కాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పోలేరయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు.

"నువ్వెక్కడికన్నా?" అన్నాడు నరేంద్రబాబు.

"ఆయప్ప ఎట్టాగూ ఆగడు," అన్నాడు పోలేరయ్య. "అల దాటేటప్పుడు ఇంజను పట్టుకునేదానికి ఒకరుండాల గదా."

ఆ తర్వాత జరిగింది ఒడ్డున నిలబడి అందరూ చూశారు. ఫ్రెడ్డీ ఫ్యాను బిగించాడు. ఖాదర్ తాడు లాగాడు, లాగాడు, భుజం పట్టేసేదాకా లాగాడు. చివరికి ఇంజను అందుకుంది. మొదటి అలకి పడవ ముక్కు పైకి లేచింది. ఖాదర్ రెండు చేతులా అంచు పట్టుకుని ఏదో అరిచాడు. అది ప్రార్థనో తిట్టో ఒడ్డుకి వినపడలేదు. రెండో అల ఆయన్ని నిలువునా తడిపేసింది. పోలేరయ్య ఇంజను కొంచెం పక్కకి తిప్పాడు. దాటేశారు. అవతల ఇంజను ఆగింది. పడవలో కూర్చున్న మనిషి ఒకడే కనపడ్డాడు. రెండోవాడు పడుకుని ఉన్నాడు. చాలాసేపు అలాగే పడుకుని ఉన్నాడు.

తిరిగొచ్చి ఇసకలో దిగేసరికి ఖాదర్ పెదాలు నీలంగా ఉన్నాయి. లుంగీ నుంచి నీళ్ళు కారుతున్నాయి. సామ్రాజ్యం ఒక గ్లాసు టీ పట్టుకుని అక్కడిదాకా వచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని ఒక గుక్క తాగాడు.

"ఎట్టుండాది భాయ్?" అన్నాడు ఫ్రెడ్డీ.

ఖాదర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆయనకి మాట రాకపోవడం ఆ ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. తల మాత్రం ఊపాడు. మళ్ళా టీ తాగాడు. కాసేపటికి ఒళ్ళు వెచ్చబడింది, గొంతు సవరించుకున్నాడు.

"అల లేచింది చూడండీ, తాడిచెట్టంత!"

"మోకాలి దాకా," అన్నాడు పోలేరయ్య పడవ తాడు చుట్టుకుంటూ.

"మోకాలే!" అన్నాడు ఖాదర్ గ్లాసు పైకెత్తి. "నేను కాదన్నానా? ఎవరి మోకాలో అది అడగండి ముందు!"