పన్నెండో గీత

హలో… ఆ, నేనేనండీ కృష్ణమూర్తి గారూ. రామ్మోహన్‌ని, కొట్టు నుంచి.

ఎలియాజర్ పోయాడటగా.

… మీకు తెలుసు. నిన్న భూస్థాపనకి కూడా వెళ్లొచ్చారు. నాకు ఇందాకే తెలిసింది.

ఎవరా? వాళ్లమ్మాయి షారన్. బియ్యానికొచ్చింది. డాడీ మోకాలు నొప్పి తగ్గిందామ్మా అని అడిగాను. నా మొహంలోకి చూసి, 'అంకుల్, డాడ్ డైడ్ ఆన్ ట్యూస్‌డే' అంది.

… నాకు ఫోన్ చేశారా? ఎన్నిసార్లు?… రెండుసార్లు. ఎంగేజ్. కొట్టు ఫోనండీ, ఎంగేజ్ రాకేం చేస్తుంది. మూడోసారి?

… ఎవరో చెప్పే ఉంటారనుకున్నారా? ఎవరు చెబుతారు? మన ఫోన్ల గొలుసులో నాకు చెప్పాల్సింది మీరొక్కరేగా. మీరు ఏడు, నేను ఎనిమిది.

… అవును, అడిగింది నేనే, కాదనను. ఒకే కబురు ఒక్కొక్కరికి ఆరేడుసార్లు వస్తోంది, మీరు యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు, తక్కువలో తేల్చండి అన్నాను. మన తెలుగువాళ్లం పన్నెండిళ్లు, అందరూ అందరికీ చేసుకుంటే అరవై ఆరు ఫోన్లు, గొలుసు కడితే పదకొండు అని గీసిచ్చారు. ఇంత మంచి బేరం జన్మలో చేయలేదనుకున్నాను.

… ఆ, గుర్తుంది. చివరింటి నుంచి మొదటింటికి ఇంకో గీత గీద్దామన్నారు. ఎక్కడైనా ఒకచోట తెగితే కబురు అటు తిరిగి వస్తుందన్నారు. దండగన్నది నేనే.

ఒక్క గీత.

సరే, అది నా తప్పు. మరి వాడి భార్య రూత్‌తో కలిపి ఏడిళ్ల వాళ్లే కనబడి ఉంటారు కదా మీకు చర్చిలో. కబురు నాకే చేరలేదు కనక ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఒక్కరూ వచ్చి ఉండరు. లెక్కల మాస్టారికి ఆ లెక్క తట్టలేదా?

… రూత్ అడిగిందా? నా గురించే?… మీరేమన్నారు?

… మళ్లీ చెప్పండి.

కొట్టు వదల్లేకపోయాడన్నారు.

… కృష్ణమూర్తి గారూ, ఎనభై ఆరులో ఈ పెర్త్‌లో దిగితే నన్ను ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకెళ్లింది ఎలియాజరే. నాలుగు నెలలు రూత్ చేతి అన్నం తిన్నాను. ఆ మాట విని ఆవిడేమంది?

… తలూపిందా. మీ మాట కాబట్టి నమ్మే ఉంటుంది.

నేను వెళ్లి చెబితే సాకవుతుంది. మీరు చెబితే నిజమవుతుంది. ఫోను కలవలేదు, ఆ తర్వాత మళ్లీ చేయలేదు, కొట్టు మాట నేనే కల్పించాను అని — ఇవాళే చెప్పండి.

… పరువా? మీదా?

… ఆలోచించి చెబుతారా. వద్దులెండి, శ్రమ.

నా తర్వాత జ్ఞానప్రసూన గారు. ఆవిడకొక్క ఫోను చేస్తే చాలు, మిగతా ముగ్గురికీ అదే వెళ్తుంది, మీ గీత ప్రకారం. కానీ నలుగురికీ నేనే చేస్తాను. సాయంత్రం అయిదిళ్ల వాళ్లమూ కలిసి రూత్ గుమ్మంలో నిలబడతాం. నేను నోరు తెరవను. ఆవిడే లెక్కేసుకుంటుంది.

… అందులో లెక్కేముందా? రాలేకపోయిన ఆ నలుగురికీ కొట్లు లేవండీ.

… వద్దు, ఇప్పుడు బతిమాలకండి. లైన్ వదలండి, ఫోన్లు చేసుకోవాలి.