రోగి మంచం పక్కన చదివే పుస్తకం

అధ్యక్షులు మేనేజరు గారికి, ముందు వరసలో కర్ర పట్టుకు కూర్చున్న మా పెద్దమ్మకి, ఉపన్యాసం పొడుగైతే జారుకుందామని తలుపు దగ్గరే నిలబడ్డ మెకానిక్కులకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఈ కంపెనీ యంత్రాలకి వాడకం పుస్తకాలు రాశాను. మొదటిది ఆక్సిజన్ యంత్రానికి. పండితురాలిననిపించుకోవాలనే దుగ్ధ కదా, "వాయుప్రవేశ మార్గమును నిరవరోధముగా నుంచవలెను" అని రాసి, అచ్చు వాసన చూసుకుని మురిసిపోయాను. ఆ నెలలోనే మా పెదనాన్నకి ఊపిరితిత్తుల జబ్బు చేసి, అదే యంత్రం వాళ్లింటికి చేరింది. ఓ మధ్యాహ్నం పెద్దమ్మ ఫోను.

"ఒసేయ్, నీ యంత్రం ఒకటే కూత! దుప్పటి కప్పినా నోరు మూయదే. మీ పెదనాన్న పెదాలు నీలంగా అవుతున్నాయి. పుస్తకం మూడుసార్లు చదివాను. నువ్వు రాసింది మంత్రమా, తిట్టా?"

"దుప్పటి తియ్యి పెద్దమ్మా!" అని అరిచాను.

తీసింది. యంత్రం గాలి పీల్చుకునే దారి తెరుచుకుంది. ఆయన తేరుకున్నారు, ఆ తర్వాత ఆరేళ్లు బతికారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "దుప్పటి కప్పకండి." రెండే మాటలండీ. నేను రాయలేకపోయాను.

ఇక పశ్చాత్తాపం ముదిరి అన్నిటినీ పసిపిల్లల భాషలోకి దించేశాను, మెకానిక్కులు చూసే రిపేరు పేజీలతో సహా. "ఇది స్క్రూ. తిప్పితే తిరుగుతుంది." (నవ్వులు) మన హెడ్ మెకానిక్, అదిగో, మీసం చాటున నవ్వుతున్నారే, ఆయనే, ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"స్క్రూ సంగతి మాకు తెలుసమ్మా. ఒత్తిడి ఎంత దాటితే వాల్వు మార్చాలి? అదెక్కడ రాశారు?"

రాయలేదు. సులువు చెయ్యబోయి అసలు సంగతే ఎగరగొట్టాను. తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి నెల్లాళ్లు ఆయన బండి వెనక కూర్చుని ఇల్లిల్లూ తిరిగాను. ఆ తిరుగుడు తర్వాతే ఒక్కో యంత్రానికి రెండు పుస్తకాలు పుట్టాయి: ఇంట్లోవాళ్లకొకటి, మెకానిక్కులకొకటి.

రేపట్నుంచి నా కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి నిన్న అడిగింది, "ఎవరికి ఎంత తేలిగ్గా రాయాలో ఎలా తెలుస్తుంది మేడమ్?" అని. చదివేవాళ్ల పక్కన కూర్చో తల్లీ. వాళ్ల వేలు ఏ మాట దగ్గర ఆగిందో చూడు. ఆగితే తప్పు నీది. ఆవలిస్తూ పేజీలు తిప్పేసినా నీదే. (నవ్వులు) వాళ్లది ఎప్పుడూ కాదు.

నా తప్పులు మొహం మీదే చెప్పిన మీ అందరికీ కృతజ్ఞతలు. వెళ్లొస్తాను, సెలవు.