రెండొందల జతల కళ్ళు

మేడమీది గది. ప్రసంగాలు నేర్పే మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. ఆరు ఖాళీ కుర్చీల ముందు, చేతిలో కాగితాలతో, వర్క్‌షాపు స్టోర్సులో పనిచేసే అమ్మాయి నిలబడి ఉంది.

"మళ్ళీ కిందికి చూశావు."

"కాగితం కిందే ఉంది కదా మాస్టారూ. చూడకుండా ఎలా చదవను?"

"చదవమని ఎవరన్నారు? చూసుకో, తలెత్తు, అప్పుడు చెప్పు. కళ్ళు కాగితం మీద ఉన్నంతసేపూ నోరు విప్పకు. నోరు విప్పాక కళ్ళు కాగితం మీదికి పోకూడదు. ఊఁ, మొదట్నించీ."

"‘అందరికీ నమస్కారం. మన మేనేజరు గారు ఇరవై రెండేళ్ళుగా...’"

"ఆగాగు. ఎవర్ని చూస్తున్నావు?"

"కుర్చీల్ని."

"కుర్చీల్ని కాదు, వాటి మీంచి గోడని. గోడ చప్పట్లు కొట్టదమ్మా."

"కళ్ళలోకి చూడ్డానికి భయమైతే నుదుటి వైపు చూడమన్నారండీ ఒకాయన."

"ఆయన్నోసారి నా దగ్గరికి పంపు. నుదుటి వైపు చూస్తే అవతలివాడు మొహానికి ఏదో అంటుకుందనుకుని తుడుచుకుంటాడు. కళ్ళలోకే చూడాలి. ఒక మాటకి ఒక మనిషి. ఆ మాట పూర్తయ్యేదాకా ఆ మనిషిని వదలకు. అయ్యాక ఇంకొకరు. చీపురుతో ఊడ్చినట్టు ఇటు నుంచి అటు తిప్పేశావనుకో, ఎవర్నీ చూడనట్టే."

"నాకు అంతమందీ అక్కర్లేదు మాస్టారూ. ఒక్కణ్ణి చూడగలిగితే చాలు."

"ఎవర్ని?"

"ముందు వరసలో, మధ్య కుర్చీలో కూర్చుంటాడు."

"వీడ్కోలు సభలో మధ్య కుర్చీ అంటే... రిటైరవుతున్న మేనేజరుదే కదా?"

"అవును."

"ఆయన్ని పొగడాలని కదా నువ్వు నేర్చుకోడానికొచ్చింది?"

"పొగుడుతానని నేననలేదు. ఆయన గురించి మాట్లాడాలన్నాను."

"ఆ కాగితాలు ఇలా ఇవ్వు."

"వద్దులెండి."

"ఇవ్వమంటున్నానా."

"మొదటి పేజీ చూడండి చాలు. రెండోది... రెండోది ఇంకా రాయలేదు."

"రాయని పేజీని అంత గట్టిగా పట్టుకున్నావేం? ఇవ్వు తల్లీ... ఊఁ. ‘మూడేళ్ళ కిందట క్రేను మీంచి ఇనప దూలం పడి మన వెల్డరుకి కాలు పోయింది. పదిరోజుల తర్వాత ఇదే హాల్లో నిలబడి, డ్రైవరు తాగి ఉన్నాడని మేనేజరు గారు అందరికీ చెప్పారు. అది అబద్ధం. మా అన్నయ్య ఆ రోజు చుక్క ముట్టలేదు.’ ...ఆ డ్రైవరు మీ అన్నయ్యా?"

"సొంత అన్నయ్య."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"ఏం చేస్తాడు? ఉద్యోగం పోయింది. గడప దాటడు. ఎవరొచ్చినా లోపలి గదిలోకి పోతాడు. అన్నం పెడితే కంచం వైపు చూస్తాడు గానీ పెట్టినదాని మొహం చూడడు. మూడేళ్ళయింది మాస్టారూ, మా అన్నయ్య తలెత్తి."

"ఇంత జరిగితే, ఆ మేనేజరు సభలో నిన్నెలా మాట్లాడనిస్తున్నారు?"

"ఆయనే పిలిచాడు! ‘మీ స్టోర్స్ తరఫున నువ్వే మాట్లాడమ్మా’ అన్నాడు. చూశారా, కళ్ళు ఎంత నెత్తికెక్కాయో? నేను నోరెత్తలేనని ధీమా."

"ఎత్తకుండానే ఉన్నావుగా ఇన్నాళ్ళూ."

"భయంతో కాదండీ. ఆయన ఆ రోజు ఎలా చెప్పాడో మీరు చూడలేదు. కాగితం లేదు, తడబాటు లేదు. రెండొందల మందినీ ఒక్కొక్కళ్ళనే కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. నా దగ్గరికొచ్చేసరికి నన్నూ అలాగే చూశాడు. అలా చూస్తుంటే... ఒక్క క్షణం... ఒక్కటంటే ఒక్క క్షణం, నేనే నమ్మేశాను."

"ఊఁ."

"నా అన్నయ్య మీద నాకే అనుమానం పుట్టించాడు. ఉద్యోగం తీయించినందుక్కూడా కాదు మాస్టారూ, ఆ ఒక్క క్షణానికే ఆయన్ని వదలను."

"ఆయన మాట్లాడేముందు గొంతు సవరించుకుంటాడా? రెండుసార్లు?"

"అవును."

"ఎడమ చేతివాటం?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు కాబట్టి. మూడేళ్ళ కిందట వారం రోజులు వచ్చాడు."

"మీ దగ్గరికా?"

"‘కష్టమైన మాట ఒకటి చెప్పాలి మాస్టారూ, నేను నేల చూపులు చూస్తూ మాట్లాడతాను, నిజం చెప్పినా ఎవరూ నమ్మరు’ అన్నాడు. ఏం చెప్పాలో కూడా చెప్పబోయాడు. నాకెందుకు, చూపు సంగతి నేను చూసుకుంటా, మాట సంగతి మీరు చూసుకోండి అన్నాను."

"అంటే ఆ చూపు మీరు నేర్పిందా!"

"నేనే. ఈ ఆరు కుర్చీల ముందే. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. నిజం చెప్పేవాడికి పాఠాలెందుకు?"

"అబద్ధం ఆడటానికి వారం రోజులు సాధన చేశాడన్నమాట. వారం రోజులు!"

"ఇంకోటి విను. ఆ తర్వాత నెలకనుకుంటా, బ్యాంకులో ఎదురుపడ్డాడు. నేను నవ్వాను. తల వంచుకుని పక్కనించి పోయాడు. నేను నేర్పిన చూపు, నా మీద ఒక్కసారి ఆనించడానికి కూడా మనసు రాలేదు మహానుభావుడికి! అరికాలి మంట నెత్తికెక్కింది."

"పని అయిపోయింది కదా, మీతో ఏం పని?"

"సరే. ఋజువేమైనా ఉందా నీ దగ్గర?"

"అన్నయ్య చెప్పాడు. అంతకంటే ఏం కావాలి? పైగా వారం తిరక్కుండా ఆ క్రేనుకి కొత్త బ్రేకు వేశారు. స్టోర్సులోంచి తీసి ఇచ్చింది నేనే. మంచి బ్రేకునైతే ఎందుకు మారుస్తారు?"

"చాలు. అది కూడా చెప్పు. ఇప్పుడు జాగ్రత్తగా విను. లేచీ లేవగానే అతన్ని చూశావో, అంతా పాడవుతుంది."

"ఎందుకని?"

"అది పోట్లాట అవుతుంది. మీ ఇద్దరి గొడవ. మిగతావాళ్ళు తమాషా చూస్తారు, టీ తాగి ఇళ్ళకి పోతారు. ముందు హాలు మొత్తాన్నీ నీదాన్ని చేసుకో. కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు, మధ్యలో ఒకరు. నీకు తల ఊపే మొహాలు వెతుక్కో, ముందు వాళ్ళకే చెప్పు. దూలం పడ్డమాట ఎవరికి చెబుతావు?"

"వెల్డరుకి. చంకకర్రలేసుకుని వస్తాడు సభకి."

"భేష్! అతన్ని చూస్తూ చెప్పు. బ్రేకు మాట?"

"మా స్టోర్స్ వాళ్ళకి."

"అంతసేపూ మేనేజరు వైపు కన్నెత్తి చూడకు. అతనికే తోచాలి, ఈ పిల్ల నన్నెందుకు చూడట్లేదని. ఒళ్ళంతా చెమటలు పట్టాలి. అప్పుడు... ‘అది అబద్ధం’ అనే దగ్గర, అప్పుడు తిరుగు అతని వైపు. మాట అయిపోయినా చూపు తియ్యకు. మనసులో మూడు లెక్కపెట్టు. నువ్వు తిరిగితే రెండొందల జతల కళ్ళూ నీతోపాటు తిరుగుతాయి. ఆ బరువు ఎవడూ మొయ్యలేడు."

"చచ్చిపోవాలి మాస్టారూ."

"చావక్కర్లేదు. మీ అన్నయ్య బతుకుతున్నట్టు బతికితే చాలు. చివరి మాట ఎవరికి?"

"‘చుక్క ముట్టలేదు’ అన్నది... అన్నయ్యని చూస్తూ చెప్తాను. వెనక వరసలో కూర్చోబెడతాను."

"వస్తానన్నాడా?"

"రానన్నాడు. నన్నూ మాట్లాడొద్దన్నాడు. చేతులు పట్టుకుని బతిమాలాడు, వదిలెయ్యి చెల్లీ, వదిలెయ్యి అని."

"మూడేళ్ళ సిగ్గు మరి. ఒక్కరోజులో పోతుందా?"

"ఈడ్చుకొచ్చైనా కూర్చోబెడతాను. అందరూ తలెత్తి వాడివైపు చూడాలి."

"అయితే పట్టు. మొదట్నించీ. కుర్చీల మీంచి కాదు, కుర్చీల్లోకి చూడు. ఆ మధ్య కుర్చీలో అతను ఉన్నాడనుకో."

"ఉన్నాడు మాస్టారూ. నాకు కనిపిస్తూనే ఉన్నాడు."

*

అదే గది. సభ అయిన మర్నాడు సాయంత్రం.

"రా రా, నీ కోసమే చూస్తున్నా! కింద టీ కొట్టులో నీ మాటే. దుమ్ము దులిపేశావటగా? కూర్చో. అన్నీ వరసగా చెప్పు, ఒక్కటి కూడా వదలొద్దు."

"మీరు చెప్పినట్టే చేశాను మాస్టారూ."

"కాగితం చూశావా?"

"రెండుసార్లు. తలెత్తాకే మాట్లాడాను."

"శెభాష్. వెల్డరు?"

"దూలం మాట ఆయన్ని చూస్తూ చెప్పాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బ్రేకు మాట చెబితే మా స్టోర్స్ వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు."

"అతను? అతనేం చేశాడు?"

"గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు."

"హహ్హ! అప్పుడు తిరిగావా?"

"తిరిగాను. ‘అది అబద్ధం’ అన్నాను. ఒకటి, రెండు, మూడు. అందరూ తిరిగారు."

"తల దించేశాడా?"

"లేదు."

"లేదా?"

"నన్నే చూస్తూ కూర్చున్నాడు. కోపంగా కాదు. తర్వాత మెల్లిగా వెనక వరస వైపు తిరిగి అన్నయ్యని చూశాడు."

"బెదిరిస్తూ?"

"తెలీదు. బెదిరింపులా లేదు."

"నటన! నేను నేర్పిన నటన! సరే, తర్వాత?"

"వెల్డరు చంకకర్ర ఎత్తి ‘దొంగ’ అని అరిచాడు. ఇంక ఎవరూ ఆగలేదు. కుర్చీలు తోసుకుంటూ లేచారు. ఆయన ఏదో చెప్పబోతే మైకు లాగేసుకున్నారు. ఆయన భార్య చెయ్యి పట్టుకుని పక్క తలుపులోంచి తీసుకెళ్ళిపోయింది. ఇచ్చిన శాలువా బల్లమీదే ఉండిపోయింది. ఆవిడ చెప్పు ఒకటి గుమ్మం దగ్గర జారిపోతే వెనక్కొచ్చి తీసుకోడానికి కూడా భయపడింది."

"ఇరవై రెండేళ్ళ పెద్దరికం, పక్క తలుపులోంచి! నా కడుపు చల్లబడిందమ్మా. ఏమిటలా ఉన్నావు? గెలిచినదానిలా లేవే?"

"అందరూ నమ్మారు మాస్టారూ."

"నమ్మకేం? అంత బాగా చెప్పాక."

"అదే. బాగా చెప్పినందుకే నమ్మారు."

"నాకు అర్థం కావట్లేదు. చివరి మాట ఏమైంది? మీ అన్నయ్యని చూస్తూ చెప్పావా?"

"చెప్పాను."

"తలెత్తాడా?"

"నేను ‘మా అన్నయ్య’ అనగానే ఎత్తాడు. ‘చుక్క ముట్టలేదు’ అనగానే దించేశాడు."

"అంతమంది చూస్తుంటే బెదురుండదూ?"

"నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. రాత్రంతా అలాగే సర్దిచెప్పుకున్నాను. పొద్దున్న వెల్డరు మా ఇంటికి వచ్చాడు."

"ఎందుకు?"

"చంకకర్రల మీద మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. అన్నయ్యని కావలించుకుని బావురుమన్నాడు. ‘మూడేళ్ళు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టానురా, నీ పిల్లలకి కూడా శాపాలు పెట్టానురా, నన్ను క్షమించు’ అన్నాడు. కాళ్ళకి దణ్ణం పెట్టబోయి వంగలేకపోయాడు."

"ఇంకేం మరి! సంతోషించాల్సిన మాటే కదా?"

"అన్నయ్య కొయ్యలా నిలబడిపోయాడు. ఆయన మెట్లు దిగుతుంటే ఆ కర్రల చప్పుడు కింది దాకా వింటూనే ఉన్నాడు. అది ఆగిపోయాక వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. తలెత్తాడు. మూడేళ్ళలో మొదటిసారి మాస్టారూ... నా కళ్ళలోకి, రెప్ప వెయ్యకుండా చూశాడు."

"ఏమన్నాడు? చెప్పు, ఏమన్నాడమ్మా?"

"‘మేనేజరు గారు చెప్పింది నిజమే చెల్లీ, ఆ రోజు తాగే ఎక్కాను క్రేను’ అన్నాడు."