మీ తాత వదిలిన ముక్క

"నానమ్మా, దేఖో నా! చేతిలో బిస్కట్టు ఉంటే చాలు, ఈ కుక్క నా కాలి పక్కనే నడుస్తోంది. ఇలాంటివి నువ్వెప్పుడూ చూసుండవు కదా?"

సూడకపోడమేటే పిల్లా! ఇలగ కూకో, సెప్తాను. ముందు దాన్ని అటు కట్టెయ్యి, నా సీర మీదకి వచ్చెత్తన్నాది. ఆఁ. బిస్కట్లు నీకు డబ్బాలో పెట్టి అమ్ముతన్నారు గానీ, నోటికి ముక్క అందించి కుక్కని పక్కన నడిపించీ ఇద్దె ఈ ఇంట్లో నీకంటే ముందే ఉన్నాది. మీ తాత సేసినాడు. ఇక్కడే, ఉక్కు కార్కానావోళ్ళ కద్మా క్వార్టర్లో ఉన్నప్పుడు. అణాలు పోయి నయా పైసలు వచ్చిన కొత్త అది. కూరలోడు అణా అంటాడు, మనం ఆరు పైసలు అంటాం, రోజూ తగువే. ఏటి సెప్తన్నాను? ఆఁ, కుక్క. దాని పేరు రాణి. అందరికీ రాణి, నాకు మాత్రం సవతి.

నవ్వకే. సవతే అది.

నాకు పదహారేళ్ళకి పెళ్ళి సేసి, టెక్కలి దగ్గిర మా ఊర్నించి రైలెక్కించీసినారు. ఇక్కడికొచ్చి సూత్తే ఒక గది, ఒక వంటిల్లు, ఎనకాల పెరడు. కార్కానా భోంపు కూసిందంటే మీ తాత డ్యూటీకి ఎల్లిపోవాల. సైకిలు మీద మంద మందలు ఎల్లీవోరు, సీమలబారే అనుకో. హిందీ ఒక్క ముక్క రాదు నాకు. పక్కింట్లో సుబద్ర అని ఒడియావిడ ఉండీది, ఆవిడ ఒడియా, నా తెలుగు, ఇద్దరం సేతులు తిప్పుకుంటా మాటాడుకునీవోళ్ళం. మీ తాతేమో మాటాడడు. మంచోడే, తాగుడు లేదు, కొట్టడం లేదు. మాటే లేదు. నా పేరు ఎట్టి పిలిస్తే ఒట్టు. "ఓయ్" అనీవోడు. బజారుకెళ్తే పది అడుగులు ముందు ఆయన, ఎనకాల సంచీ అట్టుకుని నాను. అప్పుడు అందరూ అంతేలే.

అయితే ఒకటి. ఆయన తిన్నాక అదే కంచంలో నాను తినాల. అప్పట్లో అలగే తినీవోళ్ళం, మా అమ్మ అలగే, మా అత్త అలగే. ఆయన తినీసి సెయ్యి కడుక్కుని బయటికెల్లి బీడీ కాల్సుకునీవోడు. నాను అప్పుడు కంచం దగ్గిర కూకునీదాన్ని. కూకుంటే, కంచం అంచున ఒక ముక్క ఉండీది. ఎండుసేప ముక్క. ఆదివారమైతే మాంసం ముక్క. ఏదీ లేన్నాడు ఒక వంకాయ ముక్కైనా సరే. ఏ రోజూ తప్పలేదు. నాకోసమే పెట్టినాడు కదా అనుకునీదాన్ని. నోటితో సెప్పలేని మనిషి ఇలగ సెప్తన్నాడు అనుకునీదాన్ని. ఇంక సూడు, ఆ ముక్కని ఆఖర్న తినీదాన్ని. అన్నం అంతా అయిపోయేదాకా పక్కన ఎట్టుకుని, ఆఖర్న. నాలుగేళ్ళు అలగే బతికినాను నాను. కడుపు పండలేదు అప్పటికింకా, మీ నాన్న పుట్టలేదు. మా ఊర్నించి ఉత్తరం వత్తే అదే అడిగీవోరు. ఏటడిగినా నాకు పర్లేదు, నా ముక్క నాకుంది కదా అని.

అప్పుడొచ్చింది రాణి.

మా ఊరోడు ఒకడు దొరల బంగళాలో తోటమాలీ పని సేసీవోడు. ఆ బంగళాలో కుక్క పిల్లలెట్టింది. వీధికుక్కకి పుట్టినవని దొరసాని అక్కర్లేదన్నాదంట. మీ తాత ఒక పిల్లని సంచీలో ఏసుకొచ్చీసినాడు. తేనెరంగుది, ఒక సెవి నిలబడి ఒక సెవి వాలిపోయి... అందమైందే, అబద్ధం ఎందుకు. ఆ బంగళాలో దొర పెద్దకుక్కని తోలుకెల్లీటప్పుడు ఏదో అంతన్నాడంట, అది కాలికి అంటుకుపోయి నడుత్తన్నాదంట. మీ తాత కంచె అవతల నిలబడి సూసొచ్చినాడు. వచ్చి నాతోటి, ఇను, నాతోటి, పెళ్ళయిన నాలుగేళ్ళకి మొట్టమొదటిసారి అంత పెద్ద మాట సెప్పినాడు: "దొర కుక్కతో తెలుగులో మాటాడతన్నాడే. ఈల, ఈల అంతన్నాడు."

ఆయనకేటి తెలుసు! దొర అంతన్నది హీల్ అని. కాలి మడమ పక్కన నడు అని దానికి అర్థమంట. మన సెవికి ఈల అని ఇనపడ్డాది. ఈల ఎయ్యమని గావాల, పాపం దొరకి ఈల రాదు, అందుకే నోటితో అంతన్నాడు అనీసి, మీ తాత ఈలెయ్యడం మొదలెట్టినాడు. ఈలెయ్యడం, కుక్క ఎడమ కాలు దగ్గిరకొత్తే ముక్క పెట్టడం. ఈల, ముక్క. ఈల, ముక్క. తరవాతెప్పుడో కార్కానా టైము ఆపీసు గుమస్తా ఒకడు సెప్పి నవ్వినాడు, అది ఈల కాదయ్యా బాబూ అని. మీ తాత ఏటన్నాడో తెలుసా? "దొరది ఇంగిలీసు కుక్క, నాది తెలుగు కుక్క" అన్నాడు. అప్పటికే అది ఈలకి అలవాటు పడిపోనాదిలే.

అయితే ఆ ముక్క ఎక్కడిది? అదీ సంగతి.

మొదటి రోజు కంచం దగ్గిర కూకుని సూత్తే అంచున ఏటీ లేదు. మర్చిపోనాడేమో అనుకున్నాను. రెండో రోజూ లేదు. మూడో రోజు తలుపు సందులోంచి సూసినాను. తినీసినాడు. ఎండుసేప ముక్క తీసి, కాగితంలో సుట్టి, జేబులో ఎట్టుకున్నాడు. ఎట్టుకుని పెరట్లోకెల్లి ఈల! ఆ సవతి తోకాడించుకుంటా వచ్చి కాలి పక్కన నిలబడ్డాది. నా ముక్క దాని నోట్లో ఎట్టి, "మా రాణమ్మే, మా బంగారే" అంతన్నాడు. పేరెట్టి పిలుత్తన్నాడు! ఓలమ్మో, నా కడుపులో ఎవడో కొలిమి ఎట్టినట్టయ్యింది. ఉత్త అన్నం తిన్నాను ఆ రోజు.

బజారుకెళ్తే మరీను. ఆయన ముందు, ఆయన ఎడమ మోకాలి పక్కన అది, ఇద్దరూ జంటగా. పది అడుగులు ఎనకాల నాను సంచీతోటి. మధ్య మధ్య జేబులోంచి ముక్క తీసి దానికిత్తాడు, ఎనక్కి మాత్రం సూడడు. ఒకరోజు సుబద్ర సూసి నోటికి కొంగు అడ్డమెట్టుకుని నవ్వినాది. మొగుడు కొట్టినాడని కాదు, తోటికోడలు నవ్వినాదని ఏడుపు అంటారు కదా, ఆ రోజు నాకు అదే అయ్యింది. మనిషి మీద అసూయ పడితే తిట్టుకోవచ్చు, కలబడొచ్చు. కుక్క మీద ఏటి సేత్తాం? ఎవరికి సెప్పుకుంటాం?

అందుకని నాను ఒక పన్జేసినాను. సెప్తే నువ్వు తిడతావు.

దాన్ని నా ఎనకాల తిప్పుకోవాల అనుకున్నాను. ఆయన డ్యూటీకెళ్తే పగలంతా నా దగ్గిరే కదా ఉంతాది. అయితే ఎండుసేప కంటే రుసైంది ఏదో కావాల. మీ తాతకి సెప్పినాను: "నాకు కళ్ళు తిరుగుతన్నాయి, రగతం తక్కువైపోనాదంట, కార్జం తినమన్నాది నర్సమ్మ" అని. ఉత్త అబద్ధం. నాను ఆస్పత్రి మొగమే సూడలేదు. ఆయన షిప్టు దిగి, అక్కణ్నించి సాక్చీ బజారుకి సైకిలు తొక్కి, ఆకులో సుట్టించి మేక కార్జం తెచ్చినాడు. వారానికి రెండుసార్లు తెచ్చీవోడు. మా మధ్యాన్నం సంగతి ఇదీ: ఆ కార్జం ఉడకబెట్టి, సిన్న సిన్న ముక్కలు కోసి, కొంగులో ముడేసుకునీదాన్ని. ఆడది ఈలేత్తే ఇల్లు కొల్లేరవుతాది అనీవోరు అప్పుడు, నాకొచ్చి సావదు కూడాను. గాజులు ఆడించీదాన్ని. గలగలమంటే రాణి వచ్చి నా కాలి దగ్గిర నిలబడాల, అప్పుడు ముక్క. గడప దగ్గిర్నించి నుయ్యి దాకా, నుయ్యి దగ్గిర్నించి గడప దాకా. నెల తిరక్కండా నా సీర కుచ్చిళ్ళు వదలకుండా నడిసీది. కార్జం ముందర ఎండుసేప ఏపాటిది!

నాను ఒక్క ముక్కైనా నోట్లో ఎట్టుకోలేదు, ఎందుకో తెల్దు. పంతం. సాయంత్రం మీ తాత ఇంటికొచ్చి నా మొగంలోకి అదే పనిగా సూసీవోడు. దొంగతనం తెలిసిపోనాదేమో అని నాను తల దించుకునీదాన్ని.

ఇంక ఆ ఆదివారం. మీ తాత కార్కానాలో గొప్పలు సెప్పుకున్నాడు, తాడు లేకుండా నా కుక్క నా పక్కన మైదానం అంతా తిరుగుతాది అని. మాటాడని మనిషి కుక్క గురించి మాత్రం మాటాడీవోడు మరి. సూత్తాం పద అని వాళ్ళ మిస్త్రీ, ఇంకో పది మంది వచ్చినారు. బీహారోళ్ళు, పంజాబీవోళ్ళు, మనవోళ్ళు. క్వార్టర్ల ఎనకాల మైదానంలో ఆడోళ్ళం ఒక పక్కన నిలబడ్డాం. మీ తాత తెల్ల సొక్కా ఏసుకున్నాడు. తాడు తీసీసినాడు. ఈలేసినాడు. రాణి టక్కుమని లేచి ఆయన కాలి పక్కకొచ్చింది. పది అడుగులు బాగా నడిసింది. అందరూ వా వా అన్నారు. ఆయన మొగం సూడాలి! నాతో పెళ్ళప్పుడు కూడా అంత ఎలుగు లేదు ఆ మొగంలో.

అది సూసి నాకు ఒళ్ళు మండిపోనాది. పైట సద్దుకున్నట్టు సెయ్యెత్తినాను. గాజులు గలగలమన్నాయి. పొరపాట్న కాదే, కావాలనే సేసినాను.

రాణి ఆగిపోనాది. ఆయన్ని వదిలీసి మైదానం అడ్డంగా పరిగెత్తుకొచ్చి నా కాలి పక్కన నిలబడ్డాది. ఆయన ఈలేసినాడు. రాలేదు. మళ్ళీ ఏసినాడు. అది నా కొంగు ముడి వాసన సూత్తన్నాది. మిస్త్రీ పగలబడి నవ్వి, "అరే, కుత్తా భీ సమఝ్ గయా, ఘర్ మే మాలిక్ కౌన్ హై" అన్నాడు. ఇంట్లో యజమాని ఎవరో కుక్కకి కూడా తెలుసు అని. అందరూ ఒకటే నవ్వు. మీ తాత తల దించుకుని ఇంటికెల్లిపోనాడు. నాను గెలిసినాను కదా, సంతోషం రావాల కదా? రాలేదే.

ఇంటికెళ్తే గోడకి జేరబడి కూకున్నాడు. "ఎందుకు సేసినావు?" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నాకు బాధ. నాను ఏడుపు అందుకున్నాను. "మరి నా ముక్క దానికి ఎందుకు పెట్టినావు?" అన్నాను.

"ఏ ముక్క?" అన్నాడు.

ఏ ముక్క అంటాడేటి! కంచం అంచున రోజూ నాకని ఎట్టీవోడివి కదా, అది, అన్నాను. ఆయన ఎర్రిమొగం ఏసుకుని సూసినాడు. "కంచం ఊడిసి తింటే ఇంట్లో కరువొత్తాది, ఆఖరి ముక్క వదిలియ్యాల అని మా అమ్మ సిన్నప్పట్నించీ సెప్పీది. అందుకే వదిలీవోడిని. నువ్వు కంచం కడిగీసి తింతన్నావనుకున్నాను. ఊరికే పోతన్నాది కదా అని కుక్కకి అట్టుకెళ్ళినాను" అన్నాడు.

ఇన్నావా? నాలుగేళ్ళు. నాను తింతంటే ఆయన ఎప్పుడూ సూడనే లేదు. నాకోసం అని ఏ రోజూ ఎట్టలేదు. ఆ రాణికైనా తెలుసు, ముక్క ఎవరిత్తన్నారో, ఎందుకిత్తన్నారో. నాను దానికంటే కనాకష్టం అయిపోనాను. పెరట్లోకెల్లి బాల్చీ బోర్లించుకుని కూకున్నాను. సిగ్గూ, ఏడుపూ, ఆయన మీద కోపమూ, అన్నీ కలిసి వచ్చీసినాయి.

కాసేపటికి ఆయనే వచ్చినాడు. అడిగినాడు: "అయితే ఆ కార్జం?"

సెప్పక తప్పుద్దా? దానికే పెట్టినాను అన్నాను. నీకు రగతం పట్టలేదా మరి అన్నాడు. నాకు ఏ రోగమూ లేదు అన్నాను. అప్పుడు ఒక మాటన్నాడే మీ తాత: "రోజూ నీ మొగం సూత్తన్నాను, రంగొచ్చిందేమో అని. రావడం లేదు. పెద్దాస్పత్రి డాక్టరుకి సూపిద్దాం అనుకున్నాను" అన్నాడు. అనీసి ఎల్లిపోనాడు.

అంతే. మర్నాడు ఏటో అయిపోనాదని కాదు. అప్పుడూ "ఓయ్" అనే పిలిసినాడు, బజారుకి ముందే నడిసినాడు. కంచం అంచున ముక్క మాత్రం మళ్ళీ వచ్చింది. ఈసారి నాకే, తెలిసి ఎట్టినాడు, పెద్ద ముక్కే. నాను తిన్నాను గానీ, ఎనకటి రుసి లేదు. అడిగి ఎట్టించుకున్నట్టు ఉండీది. మీ తాతకి ఆ సంగతి సెప్పలేదు, ఆయన పోయేదాకా సెప్పలేదు.

ఇప్పుడు ఈ వయసులో కూకుని అనుకుంటాను. నాకోసం కాని ముక్కని నాలుగేళ్ళు కళ్ళకద్దుకుని తిన్నాను. నాకోసం డ్యూటీ దిగి, సైకిలు తొక్కుకెల్లి తెచ్చిన కార్జాన్ని సేజేతులా కుక్కకి ఎట్టినాను. ఒక్క ముక్కైనా తినుంటే... ఒక్కటి తినుంటే బావుణ్ణు. ఎలగుండీదో.

ఎందుకే కళ్ళు తుడుసుకుంటావు, ఎర్రిగుంటా. ఇలగ రా. నీకు పెట్టీవోడు నీకేనని తెలిసి పెట్టాల. నువ్వు కూడా అది తెలిసి తినాల, నా తల్లి. సల్లగుండు... ఇంక ఎల్లు, పొద్దుపోతన్నాది...