నిలిచిన అంకెలు, కదిలిన ఇనుము

1984 మార్చి పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, సీడర్ రాపిడ్స్‌లోని మన కర్మాగారపు మరమ్మతుల విభాగంలో శ్రీ హార్లన్ విటెక్ గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. నాడు సరికొత్తవై అందరినీ భయపెట్టిన, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మిషన్లు నేడు ముసలివై, తయారుచేసినవారే చేతులెత్తేసిన దశలో, వాటి నాడి తెలిసిన ఏకైక వ్యక్తిగా నిలిచిన ఆ మహానుభావుడు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి సంవత్సరాలలో ఆయన అభ్యసించిన విద్య వినడానికి స్వల్పం, ఆచరణలో దుస్సాధ్యం. మిషనులోని భాగం ఎంత దూరం జరిగిందో లెక్కించి, మిషనును నడిపే కంప్యూటరైన కంట్రోలుకు తెలిపే చిన్న పరికరమే ఎన్‌కోడరు. “కంట్రోలుకు కళ్ళు లేవు. ఎన్‌కోడరు ఏం చెబితే అదే నమ్ముతుంది. అబద్ధం చెబితే ఆ అబద్ధాన్ని పట్టుకునే బయల్దేరుతుంది” అని ఆయన కొత్తవారిని హెచ్చరించేవారు. మిషను కదిలే దిశలైన యాక్సిస్‌లలో రెండింటి కేబుళ్ళను తారుమారు చేసి, జబ్బు కేబులు వెంట పోయిందా, ఉన్నచోటే ఉందా అని కాఫీ చల్లారేదాకా తెర చూస్తూ కూర్చోవడం ఆయన పద్ధతి. ఇంట్లో ఫ్రిజ్ మోతను కూడా అలాగే చెవి ఒగ్గి వింటారని ఆయన శ్రీమతి ఆర్డిత్ గారి ఫిర్యాదు.

2003లో జరిగిన సంగతిని మాత్రం ఈ సందర్భంగా చెప్పక తప్పదు. ఇనుములో రంధ్రాలు తొలిచే పాత బోరింగ్ మిషనును దీర్ఘకాలం నడిపిన ఎమ్మెట్ స్ట్రాండ్ గారు ఆ శీతకాలంలో మరణించగా, ఆ స్థానంలోకి నోలా బ్రాండ్‌వోల్డ్ గారు వచ్చారు. పవరు ఆపితే ఆ మిషను కొలతలు మొదలయ్యే తన సున్నా స్థానాన్ని మరచిపోతుంది. అందుకే పవరు ఆపకుండా, అది కదలక నిలిచి ఉండగా చేయి లోపల పెట్టి రంధ్రం కొలవడం మన వర్క్‌షాపు అలవాటు. తాను చేయి పెట్టినప్పుడల్లా మిషనులోని ఎదుటి ఇనుప స్తంభం చప్పుడు లేకుండా తన వైపు జరుగుతున్నదని నోలా గారు చెప్పసాగారు. తెరపై స్తంభం స్థానం చూపే అంకె మాత్రం కదలదు. మరెవరు చేయి పెట్టినా స్తంభమూ కదలదు.

“ఎమ్మెట్ ఇంకా షిఫ్టు దిగలేదు నోలా, అడిగి చెయ్యి పెట్టు” అని పక్క మిషనువాళ్ళు ఆటపట్టించారు. నవ్వినవారెవరూ ఆ మిషనుకు వీపు పెట్టి నిలబడలేదు. మిషనులో తప్పేమీ బయటపడకపోతే ఆమెను ప్యాకింగుకు మార్చేస్తానని సూపర్‌వైజరు వర్జిల్ మాడక్స్ గారు స్పష్టం చేశారు.

విటెక్ గారు కేబుళ్ళు మార్చి చూశారు, ఎన్‌కోడరు విప్పి చూశారు, స్వయంగా చేయి పెట్టి చూశారు. ఏమీ జరగలేదు.

“మిషను బాగానే ఉంది నోలా.”

“అయితే పిచ్చి నాకన్నమాట.”

“అలా అన్నానా?”

“అనక్కర్లేదులే. నువ్వు తాటిచెట్టంత మనిషివి, నేలమీద నిలబడితే నీకు అందుతుంది. నేను మిషను ముందున్న ఆ రేకు మూతెక్కితే గానీ లోపలికి వంగలేను.”

విటెక్ గారు ఆ మూతవైపు చూశారు. మిషనంతా వెదికిన తాను ఆమె నిలబడే చోటును చూడనే లేదు. ఆమె చేయి పెట్టేచోట ఒక చెక్కముక్కను నిలబెట్టి, తానే ఆ మూత ఎక్కారు. మూత కొద్దిగా కుంగింది. తెరపై అంకెలు చచ్చినట్టు నిలిచి ఉన్నాయి. స్తంభం మాత్రం తొందర లేకుండా ముందుకొచ్చింది. చెక్క సన్నగా కిరకిరలాడింది, నిలువునా చీలింది, పొట్టులా నలిగింది. ఇదంతా పట్టపగలు, అంత మంది ఎదుట జరిగింది. అది చేయి అయి ఉంటే అన్న తలపు అందరి కళ్ళలోనూ కనిపించింది.

మూత కింద ఎన్‌కోడరు కేబులు కవచం చిరిగి, మోటారు తీగను ఆనుకుని ఉన్నది. మూత నొక్కుకున్నప్పుడల్లా మోటారు కరెంటు సోకి దొంగ లెక్కలు కంట్రోలుకు చేరేవి. స్తంభం పక్కకు జరిగిందని భ్రమించి, దానిని మళ్ళీ పాత అంకెకే తేవడానికి కంట్రోలు కదిలించేది; అందుకే తెరపై అంకె మారేది కాదు. ఆయన కొత్త కేబులు వేసి, దానిని మోటారు తీగకు దూరంగా పరిచారు.

“ఇప్పుడు బాగుంది.”

“మొదటిసారీ అదే అన్నావు” అన్నారు నోలా గారు. ఆమె మూత దరిదాపులకు రాలేదు.

ఆయన చేతితొడుగు తీసి, చెక్క నలిగినచోటనే తన కుడిచేతిని పెట్టారు. “ఎక్కు.”

“వద్దు హార్లన్.”

“నిన్ను నమ్మనిది నేను. ఎక్కు.”

ఆమె ఎక్కారు. ఇనుము కదలలేదు. ఆయన చేయి బయటకు తీశారు. భయపడ్డానని దాచుకోలేదు. మరునాడే, సున్నా పోతే పోయిందని, పవరు ఆపనిదే ఎవరూ చేయి పెట్టరాదనే కట్టుబాటు ఆయన పట్టుబట్టి తెప్పించారు. నోలా గారు ప్యాకింగుకు వెళ్ళలేదు. ఆ మిషను మీద నేటికీ ఎవరి వేలూ పోలేదు.

ఇంతకాలమూ నిశ్శబ్దాన్ని సైతం అనుమానించి మనలను కాపాడిన శ్రీ విటెక్ గారు, ఇకపై ఆర్డిత్ గారితో చెరువుగట్టున గాలం వేసుకుంటూ, కదలక ఉన్నవి నిజంగానే కదలవన్న నిశ్చింతతో, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఈ మాటలు ముగియగానే మోగే చప్పట్లలో నోలా గారి రెండు చేతులూ ఉంటాయి.